నిండిపోయిన తరగతి

"ఖాళీ లేదమ్మా," అన్నాడు హెడ్మాస్టరు గోండ్వే.

ఎలూబె కదల్లేదు. పక్కన ఏడేళ్ల కూతురు తియామికె. రెండేళ్ల కిందట పిల్లకి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, వినికిడి పోయింది.

"మా ఊరి బడిలో అడిగితే జిల్లా ఆఫీసు చూసుకోవాలన్నారు సార్. ఆఫీసుకెళ్తే బడే చూసుకోవాలన్నారు. చివరికి అక్కడి ప్యూను జాలిపడి చెప్పాడు, చెవిటిపిల్లల కోసం ఈ సరస్సు ఒడ్డున సర్కారు డబ్బిచ్చేది మీ బడికొక్కదానికేనని."

"నిజమే. పన్నెండు మందికిస్తుంది. పన్నెండు మందీ ఉన్నారు. పదమూడో పిల్లకి ఎవరిస్తారు? నేనా?"

"నేలమీద కూర్చుంటుంది సార్."

"నేల కూడా నిండిపోయింది."

ఎలూబె ఎండుచేపల మూట బల్లమీద పెట్టింది. గోండ్వే దాన్ని వేలితో వెనక్కి నెట్టాడు.

"నేనలాంటివాణ్ణి కాదు."

ఇంతలో బయట కారు ఆగింది. రాజధాని లిలోంగ్వే నుంచి వచ్చిన అధికారిణి. ఏటా ఆవిడ వచ్చి తరగతి చూసి వెళ్తేనే మరుసటేడు డబ్బు. గోండ్వే కోటు సర్దుకుంటూ పరుగెత్తాడు.

ఎలూబె ఇంటికి పోలేదు. కూతుర్ని తీసుకెళ్లి తరగతి కిటికీ ముందు నిలబెట్టింది.

లోపల పిల్లలు ఎంత బుద్ధిగా కూర్చున్నారో! టీచరు వేళ్లు తిప్పితే వాళ్లూ తిప్పారు. నోరు మెదిపినవాడు లేడు. అధికారిణి కళ్లు చెమర్చాయి.

తియామికె మొహం వెలిగిపోయింది. తనలాంటివాళ్లను అంతమందిని అది ఎన్నడూ చూడలేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి, ఇంట్లో తల్లితో మాట్లాడినట్టే, దగ్గరున్న పిల్లాణ్ణి వేళ్లతో పేరడిగింది. వాడు బిత్తరపోయి టీచరు వైపు చూశాడు.

గోండ్వే గబగబా కిటికీ దగ్గరికొచ్చాడు. "ఇక్కడ నేర్పేవి పట్నం సైగలమ్మా. నీ పిల్లవి వీళ్లకి అర్థం కావు."

"నేర్చుకుంటుంది సార్! దాని మొహం చూడండి, ఒక్కసారి చూడండి."

"ఎవరావిడ?" అంది అధికారిణి.

"ఎవరో చేపలమ్ముకునే మనిషి మేడం," అంటూ గోండ్వే కిటికీ రెక్క పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే, పైనున్న కొమ్మ నుంచి మామిడికాయ ఒకటి తెగి రేకుల కప్పు మీద ఢామ్మని పడింది. పన్నెండు తలలూ ఉలిక్కిపడి ఒక్కసారిగా పైకి లేచాయి, తియామికె ఒక్కతే ఇంకా జవాబు కోసం ఆ పిల్లాడి చేతులకేసి చూస్తోంది.