బస్టాపు బేరం

"దీంతో ఆడుకోవచ్చా అమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఆడుకోడానికి కాదండీ. దాచుకోడానికి," అంది కౌంటర్లో అమ్మాయి.

అది వీడియో గేముల దుకాణం. పాత డిస్కులు ఇచ్చినవాళ్ళకి ఇదివరకు వేరే డిస్కులు ఇచ్చేవారు. ఈమధ్య టోకెన్లు ఇస్తున్నారు. టోకెన్ అంటే ఫోన్లో కనిపించే బొమ్మ. ఒక్కో బొమ్మకీ ఒక్కో నంబరు. ఆ నంబరు లోకంలో ఇంకెవరికీ ఉండదట.

"ఫోటో తీసి పక్కవాడికి పంపిస్తే?"

"పంపొచ్చు. కానీ అది అసలుది కాదు."

"చూస్తే తేడా తెలుస్తుందా?"

"తెలీదు. కానీ ఉంటుంది."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మాయికి చెవులు వేడెక్కాయి.

పెద్దాయన వెనక్కి తిరిగాడు. "బాబూ, మీ డిస్కులు ఇంటికి పట్టుకుపొండి. గేదెను నీళ్ళలో పెట్టి బేరమాడుతున్నారు వీళ్ళు. ఇక్కడైతే గేదె కూడా లేదు."

ఆయన రోజూ వచ్చేవాడు. దుకాణంలో ఆయనకి 'చాదస్తం' అని పేరు పెట్టారు. వింతేమిటంటే, నీతులన్నీ అయ్యాక ఆయనే చేతికందినన్ని పాత డిస్కులు కొనేవాడు. బేరమాడేవాడు కాదు.

ఒక సాయంత్రం ఇంటికి వెళ్తూ అమ్మాయి ఆయన్ని బస్టాపులో చూసింది. చుట్టూ పిల్లలు. సంచిలోంచి డిస్కు తీసి ఇస్తున్నాడు. బదులుగా వాళ్ళ టోకెన్ తన ఫోన్లోకి వేయించుకుంటున్నాడు.

మర్నాడు మేనేజరుతో చెప్పింది. అతను టేబుల్ చరిచి నవ్వాడు.

"చూశావా ముసలాడి తెలివి! లోపల వద్దంటాడు, బయట ఏరుకుంటాడు. మనిషి నోరు చూడకమ్మా, చెయ్యి చూడు. రేపు పదింతలవుతుందని ఎక్కడో వినుంటాడు."

అంతవరకూ ఆమె టోకెన్లు అమ్మిందే గానీ నమ్మలేదు. మేనేజరు ఎన్నిసార్లు ఊదరగొట్టినా రాని నమ్మకం, బస్టాపులో ఆ ముసలి చేతుల ఆత్రం తలుచుకోగానే వచ్చింది. మనసు ఒకటి కావాలనుకుంటే సాక్షిని ఎక్కణ్ణుంచైనా పట్టుకొస్తుంది.

ఇంట్లో చెల్లి ఉంది. చదువు మానేసి ఏడాదిగా గడప దాటడం లేదు. ఏం జరిగిందో చెప్పదు. సాయంత్రం అక్క రాగానే ఇద్దరూ నేలమీద కూర్చుని గేము ఆడతారు. చెల్లి నోరు విప్పేది అప్పుడే. "అక్కా, ఎడమ పక్క! చూడవే మొద్దూ!" అని అరుస్తుంది. ఆ అరుపు కోసం అక్క రోజంతా ఎదురుచూస్తుంది.

"నీ డిస్కులన్నీ ఇవ్వవే. ఇంతకింతవుతుంది. కొత్త మిషనే కొనుక్కుందాం."

"అప్పటిదాకా ఏం ఆడదాం?"

"కొన్నాళ్ళు ఓపిక పట్టు."

"కౌంటర్లో అందరికీ ఇలాగే చెప్తావా అక్కా?"

"నువ్వూ వాళ్ళూ ఒకటేనా? నన్ను నమ్మవూ?"

చెల్లి ఒక్కో డిస్కూ చొక్కా అంచుతో తుడిచి, వరసగా పేర్చి ఇచ్చింది.

టోకెన్ చేతికొచ్చాక పెద్దాయన్ని చూస్తే అమ్మాయికి ఒళ్ళు మండసాగింది. తనలాంటి వాళ్ళ అదృష్టాన్ని చవగ్గా కొట్టేస్తున్నాడనిపించింది. దుకాణం వాచ్‌మన్‌ని బస్టాపుకి తీసుకెళ్ళి తనే చూపించింది.

"అన్నా, పిల్లల్ని మోసం చేసేది ఈయనే."

వాచ్‌మన్ సంచి లాగి ఆయన్ని రోడ్డు మీదకి నెట్టాడు. పెద్దాయన చెల్లాచెదురైన డిస్కులు ఏరుకుంటూ తలెత్తాడు.

"నీ దగ్గర కూడా ఉందా తల్లీ టోకెను? ఉంటే ఇప్పుడే ఇచ్చెయ్. ఇంకా కొన్ని డిస్కులు మిగిలాయి."

"ఆశ చూడు, చచ్చేదాకా పోదు!" అంది అమ్మాయి.

తర్వాత ఆయన మళ్ళీ కనిపించలేదు.

కొన్నాళ్ళకి ఒక ఉదయం ఫోన్ తెరిస్తే బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు గడి ఉంది. ఎన్నిసార్లు తెరిచినా అదే.

"పైవాళ్ళు ఆ పథకం ఎత్తేశారమ్మా. మన చేతుల్లో ఏముంది?" అన్నాడు మేనేజరు.

"మరి నాది?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"నువ్వు కూడా తీసుకున్నావా? అమ్మేవాళ్ళెవరైనా తీసుకుంటారా, పిచ్చిమొహమా!"

చెల్లి డిస్కులు ఎప్పుడో ఎవరికో అమ్ముడైపోయాయి. సంగతి చెబితే చెల్లి అరవలేదు. "సర్లే అక్కా," అని గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. తిండికి పిలిచినా తీయలేదు. ఆ గడియ చప్పుడు అమ్మాయి చెవుల్లోంచి పోలేదు.

అప్పుడు గుర్తొచ్చాడు పెద్దాయన. సైకిల్ షాపు మీద గదిలో ఉంటాడని వాచ్‌మన్ చెప్పాడు. కాళ్ళు పట్టుకునైనా ఒక్క డిస్కు అడగాలి. ఇద్దరు కలిసి ఆడేది ఏదైనా సరే.

తలుపు ఒక పెద్దావిడ తీసింది.

"ఆయన లేరమ్మా. పని వెతుక్కుంటూ పొరుగూరు వెళ్ళారు."

"డిస్కులేమైనా ఉన్నాయా పెద్దమ్మా? ఒక్కటి చాలు."

"చివరివి మొన్న పిల్లలకి ఊరికే పంచేశారు. ఇక కొనడానికి చేతిలో చిల్లిగవ్వ లేదు."

అమ్మాయి మెట్టు మీద కూలబడింది.

"అన్ని టోకెన్లు పోగేశారే! పాపం, ఆయన కూడా మాలాగే లాభమొస్తుందని మోసపోయారా?"

పెద్దావిడ ఆమెకేసి వింతగా చూసింది.

"లాభమా? ఆ బొమ్మలు గీసిందే ఆయన కదమ్మా. గేములో పెడతామని చెప్పి ఆ దుకాణం పైవాళ్ళు గీయించుకున్నారు. వాళ్ళిచ్చిన కూలి ఖర్చయ్యేదాకా, ఆ బొమ్మలు వెనక్కి తీసుకుని పిల్లల ఆటలు పిల్లలకే కొని తెచ్చి ఇచ్చారు."