ఏదీ దాచకూడదు

తలుపు గడియ పెట్టుకోవాలి. ఫోను నిండా ఛార్జింగు ఉండాలి. మంచినీళ్ల గ్లాసు పక్కనే పెట్టుకోవాలి. ఇంట్లోవాళ్ల చెవిన పడని మూల చూసుకోవాలి. పొయ్యి మీద పాలున్నాయనీ, గేటు దగ్గర పార్సిలు వచ్చిందనీ మధ్యలో లేవకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఏదీ దాచకూడదు.

ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌కి వచ్చే ప్రతివాళ్లకీ కౌన్సెలరమ్మ ముందుగా పంపే జాబితా ఇది. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆవిడే.

"ఎదుటివాళ్ల గోడు వినడానికి కూడా పట్టా కావాలటే? పంపు దగ్గర నేను ఊరికే వినడం లేదూ?" అని తల్లి ఎగతాళి చేస్తుంది. ఆవిడ నవ్వి ఊరుకుంటుంది. పనిలో మాత్రం వీసమెత్తు తేడా రానివ్వదు.

ఆ జాబితాని అక్షరాలా పాటించింది ఎవరంటే, వెల్డరు.

ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు దవడ పగలగొట్టాడతను. కౌన్సెలింగ్ పూర్తయి, మనిషి మారాడని ఆవిడ రాసిస్తేనే మళ్లీ పనిలోకి రానిస్తామన్నారు యజమానులు. మొదటిసారి వీడియోలో కనిపించాడు. ఎర్రటి కళ్లు. ఏమడిగినా "ఊఁ", "ఉహూఁ". చివర్లో మాత్రం నోరు విప్పాడు.

"ఇట్లా మొహాలు చూసుకుంటూ మాట్లాడ్డం నా వల్ల కాదు. టైపు చేస్తే కుదరదా?"

కుదురుతుందంది. ఎదురుగా నోరు పెగలనివాళ్లు రాతలో బయటపడటం ఆవిడకి కొత్త కాదు.

బయటపడ్డాడు. డ్యాము గేట్లు ఎత్తినట్టే.

"కూరలో ఉప్పు ఎక్కువైందని గిన్నె దాని మొహాన కొట్టాను మేడమ్. కనుబొమ్మ చీలింది. రక్తం కంట్లోకి కారుతుంటే, ముందు నేల తుడవమన్నాను."

ఇంకో వారం: "నిన్న బెల్టు. బకిల్ ఉన్న వైపు. ఎందుకో గుర్తులేదు. దానికీ తెలీదు."

ఆ మాట దగ్గర కౌన్సెలరమ్మ అడ్డుపడింది.

"భార్యని 'అది' అనకండి. 'ఆమె' అని రాయండి."

"మా ఇంట్లో దాని పేరే అది మేడమ్."

"పోనీ, ఆమె ఎవరికైనా చెప్పుకుందా?"

"పోలీస్ స్టేషన్‌కి వెళ్లింది. మొగుడన్నాక ఓ దెబ్బ వేయడా, సర్దుకుపొమ్మని పంపేశారు. ఇంటికొచ్చాక దాన్ని నేను సర్దాను."

ఒకసారి ఆవిడ ఓ అభ్యాసం ఇచ్చింది. "ఆమె స్థానంలో మీరున్నట్టు ఊహించుకుని రాయండి. తొందరేం లేదు."

ఈ ప్రశ్నకి మామూలుగా మగాళ్లు నీళ్లు నములుతారు. వెల్డరు ఆలోచించనే లేదు.

"జుట్టు పట్టి లాగినప్పుడు ముందు నొప్పి తెలీదు మేడమ్. వెంట్రుకలు తెగే చప్పుడు తెలుస్తుంది. పొట్టలో తంతే అరుపు రాదు, ఊపిరి పోతుంది. కింద పడ్డాక చెంపకి గచ్చు చల్లగా తగులుతుంది. అట్లాగే ఉండిపోతే బాగుండు అనిపిస్తుంది."

ఆవిడకి కళ్లు చెమర్చాయి. "ఇంత తెలిసి కూడా ఎందుకు ఆగలేకపోతున్నారు?"

"ఆపేవాళ్లు లేరు మేడమ్." వెంటనే ఇంకో మెసేజి వచ్చింది. "నేను రాసేవి మీరు ఎవరికీ చెప్పరు కదా?"

"చెప్పను. ప్రాణం మీదికొస్తే మాత్రం పోలీసులకి చెప్పి తీరాలి. అది మా నియమం."

"మంచి నియమం మేడమ్."

తర్వాతి ఆదివారం పొద్దున రెండే వాక్యాలు వచ్చాయి. "తలుపు వెనక ఇనుప రాడ్డు తెచ్చి పెట్టాను. ఇవాళ దాని తల పగలగొట్టేస్తాను."

కౌన్సెలరమ్మ వెంటనే పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేసింది.

"మొగుడూ పెళ్లాల గోల మేడమ్," అన్నాడు ఎస్సై ఆవలిస్తూ. "మేం వెళ్లేసరికి ఒకే కంచంలో తింటుంటారు."

"ఇది భార్య ఫిర్యాదు కాదండీ! చంపుతానని అతనే స్వయంగా రాశాడు!"

"మొగుడే ఒప్పుకున్నాడా?" అవతల కుర్చీ కిర్రుమంది. "ఎవర్రా అక్కడ, జీపు తియ్యండి!"

గంట తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. "సమయానికి వెళ్లాం మేడమ్. తలుపు విరగ్గొట్టి లోపలికి దూరితే, రెండో దెబ్బకి రాడ్డు ఎత్తి ఉన్నాడు. మొదటి దెబ్బ ఆవిడ చేత్తో కాచుకుంది. చెయ్యి విరిగింది గానీ, ప్రాణానికి భయం లేదు."

"అతనేమంటున్నాడు?"

"ఒక్క ముక్క కూడా రాయలేదంటున్నాడు. దొరికినవాడు ఎవడు ఒప్పుకుంటాడు లెండి!"

ఇంత నొప్పి తెలిసిన మనిషి ఆ రాడ్డు ఎలా ఎత్తగలిగాడు? తన వైద్యంలో లోపం ఎక్కడుంది? కౌన్సెలరమ్మ తల పట్టుకు కూర్చుంది.

సాయంత్రం వెల్డరు అకౌంటు నుంచి మెసేజి వచ్చింది.

"చదువుకున్నదానివిగా, ఈ గోలేదో నువ్వే పడి చావమని ఫోను నా మొహాన కొట్టి ఆయన పడుకునేవారు మేడమ్, ఇన్నాళ్లూ మీకు రాసింది నేనే, నన్ను గుర్తుపెట్టుకోండి."