ముందు దిగిన మనిషి

ఆసుపత్రి గౌను తొడుక్కోమంటే సింహాద్రి దాన్ని విసిరి కొట్టాడు.

"నానెల్లను. ఇంటికెల్లిపోదాం, పద" అని భార్య కన్నమ్మ మీద ఎగిరాడు.

రాయ్‌పూర్ వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. కడుపులో పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బిందన్నారు. అది ఏ రోజైనా పగలొచ్చు. పగిలితే భిలాయి నుంచి ఇక్కడికి తెచ్చేలోగానే ప్రాణం పోతుంది. పొట్ట కోయనక్కర్లేదని, తొడ దగ్గర నుంచి ఒక గొట్టాన్ని ముడిచి లోపలికి పంపి, ఉబ్బినచోట విప్పి అమరుస్తామని, ఇక రక్తం అందులోంచే పోతుందని డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. సింహాద్రి అన్నీ విన్నాడు. తల మాత్రం అడ్డంగా ఊపాడు.

కన్నమ్మ బతిమాలింది. తిట్టింది. అప్పన్నకి మొక్కుకుంది. పెళ్లయిన నాటి నుంచీ ఈ మనిషి తన మాట విన్నదెప్పుడని? చివరికి భిలాయిలోనే కోహ్కా పేటలో ఉన్న గణపతిరావుకి ఫోను చేసింది.

గణపతిరావు అంటే సింహాద్రికి ఉస్తాద్. స్టీలు ప్లాంటులో ఇద్దరూ గ్యాసు పైపుల మరమ్మతు చేసేవారు. మనిషి దూరేంత పైపులవి. గ్యాసు కట్టేసి, గాలి పరీక్ష చేసి, పర్మిట్ చేతికిచ్చినా సరే, ఆ ముఠాలో ఒక పద్ధతి ఉండేది. ముందు ఉస్తాద్ దిగాలి. లోపలంతా తిరిగి చూసి, రమ్మని కేకెయ్యాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు. ఉద్యోగం చేసినన్నాళ్లూ గణపతిరావు దిగని పైపులో సింహాద్రి కాలు పెట్టలేదు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. కంటి ఆపరేషనైనా, పళ్ల సెట్టయినా, ఉస్తాద్ చేయించుకున్నాకే ఈయన.

రిటైరైనవాళ్లకి పొట్ట స్కానింగ్ క్యాంపు పెడితే ఇద్దరికీ ఇదే జబ్బు బయటపడింది. ఒకే బీడీ కట్ట పంచుకున్నవాళ్లు మరి. గణపతిరావు పోయిన నెల ఇదే ఆసుపత్రికి వచ్చి వెళ్లాడు. ఏమైందో ఎవరికీ చెప్పలేదు. అదే సింహాద్రి గుండెల్లో గుబులు పెట్టింది.

మర్నాడు పొద్దున్న రైలుకే గణపతిరావు దిగాడు. తెల్లచొక్కా, నున్నగా గీసిన గడ్డం. మెట్లెక్కి వచ్చి, కాసేపు గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఏట్రా సింహాద్రీ, నాటకాలాడతన్నావా?"

సింహాద్రి గబుక్కున లేచి కూర్చున్నాడు. "నిజం సెప్పండి ఉస్తాద్. మీరు సేయించుకున్నారా?"

"సేయించుకున్నాను గనకే వొచ్చినాను. ఎలగున్నాను? సూడు."

"మరి సెప్పలేదేటి?"

"నెల తిరిగేదాకా ఎవులికీ సెప్పొద్దని మా ప్రసూన దిష్టి భయం. ఆడోళ్ల సంగతి నీకు తెల్దేటి?"

సింహాద్రికి ఇంకా అనుమానమే. "కోత సూపించండి."

"తొడ మొదట్లో ఉంటాదిరా కోత. మీ ఆడమనిషి ముందర ప్యాంటు ఇప్పమంటావేటి?"

అంత ఏడుపులోనూ కన్నమ్మకి నవ్వొచ్చింది. సింహాద్రి కూడా నవ్వాడు. నవ్వుతూనే గౌను కోసం చెయ్యి చాపాడు.

అప్పుడే డాక్టరు వచ్చాడు. గణపతిరావుని చూసి ఆగిపోయాడు.

"లే జాయియే సాబ్, తయ్యార్ హై" అని హిందీలో, ఇక తీసుకెళ్లమన్నాడు గణపతిరావు తొందరగా.

డాక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచాడు. తను బాగుచేసిన మనిషంటే ఎంత అభిమానమో అనుకుంది కన్నమ్మ. అలా అనుకోగానే లోపల కొంచెం భగ్గుమంది. తన మొగుడు భయంతో చస్తూంటే, ఈ పెద్దమనిషి హాయిగా బాగుపడి, నోరు కుట్టేసుకుని కూర్చున్నాడు!

సింహాద్రిని స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. తలుపు దాకా ఉస్తాద్ చెయ్యి వదల్లేదు.

గది ఖాళీ చెయ్యమన్నారు. "అన్నయ్యా, ఆ సంచీ ఒకటి అందుకోరా?" అంది కన్నమ్మ. గణపతిరావు సంచీ వైపు చూశాడు. వంగలేదు. వార్డు మనిషిని కేకేశాడు. అబ్బో, బాగుపడేసరికి ఎంత నీలుగుడో అనుకుని కన్నమ్మే రెండు చేతులా మోసుకుంది.

ఆయన ఎక్కువసేపు కూర్చోలేదు. "నాను మజ్జాన్నం లోకల్‌కి పవర్ హౌస్ టేసనుకి ఎల్లిపోతాను చెల్లీ. బాగుంటాడు. బయపడకు" అని, రైలింగ్ పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగాడు.

ఎదురుచూపు ఎవరి వల్లా కాదు. కన్నమ్మ థియేటర్ బయట బెంచీ మీద కూర్చుని తెలిసిన దేవుళ్లందర్నీ పిలిచింది. థియేటర్ తలుపు తెరుచుకుని, డాక్టరు మాస్కు కిందికి లాగి, "గొట్టం చక్కగా కూర్చుందమ్మా. ఇక పగలదు" అని హిందీలో చెప్పేసరికి, నేల మీదే కూలబడి భోరుమంది.

మనసు కుదుటపడ్డాక గణపతిరావు మీద కోపం సిగ్గుగా మారింది. దిష్టీ లేదు, గిష్టీ లేదనుకుని ఆయన భార్య జ్ఞానప్రసూనకి ఫోను చేసింది.

"వొదినా, మా ఇంటాయన గండం గడిచిపోనాది! అన్నయ్య ముందర సేయించుకోబట్టి గదా ఈయన దిగినాడు! అన్నయ్య కాళ్లు కడిగి నెత్తిన సల్లుకున్నా నా రునం తీరదు."

కన్నమ్మ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"వొదినా, ఇనపడతందా?"

జ్ఞానప్రసూన నెమ్మదిగా అంది.

"మీ అన్నయ్యకి సెయ్యలేదు గదమ్మా, నరం మెలికలు తిరిగిపోనాది, ఏ గొట్టమూ పట్టదు, గుండె కోతకి ఆగదు, పగిలేదాకా బరువెత్తకుండా ఇంట్లో కూకోమని ఆ డాక్టరే పంపేసినాడు."