మిల్లు పెద్దాయన

ఆ సాయంత్రం కూడా హాలు ఖాళీగా ఉంటే మేనేజరు ఉద్యోగం ఊడుతుంది. ఆ మాట ఎండీ గారు దాపరికం లేకుండానే చెప్పారు. ఆయన బావమరిది ఇంట్లో ఖాళీగా కూర్చున్నాడట. ఆ కూర్చునేదేదో మేనేజరు కుర్చీలో కూర్చుంటే బాగుంటుందని ఇంట్లో అనుకుంటున్నారట.

మూతపడ్డ నూలు మిల్లును పేటగా మార్చడం మేనేజరు పని. పైన కాపురాలు, కింద కొట్లు, వెనక ఆఫీసులు, మధ్యలో పార్కు. బొమ్మలో అన్నీ ఉన్నాయి, పార్కులో బంతితో ఆడుకునే కుక్కపిల్లతో సహా. లేనిదల్లా అనుమతి. మిల్లులో పనిచేసినవాళ్లను పిలిచి, వాళ్లు ఏమంటారో విని, దాని ప్రకారం ప్లాను దిద్దితే తప్ప ఫైలు కదలదని మునిసిపల్ ఆఫీసరమ్మ తేల్చేసింది.

మిల్లు మూతపడి ఒక తరం దాటింది. పనిచేసినవాళ్లలో కొందరు ఊళ్లు మారారు, ఎక్కువమంది లోకమే మారారు. పాత ఆఫీసు హాలుకు సున్నం కొట్టించి రెండుసార్లు మీటింగు పెడితే, రెండుసార్లూ వచ్చినవి బిస్కెట్లు మాత్రమే.

ఇది మూడోసారి. ఆఫీసరమ్మ హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగుతుండగా గుమ్మంలో ఒక పెద్దాయన కనిపించాడు. వెలిసిపోయిన చొక్కా, భుజాన సంచీ.

“ఇక్కడికేనా పెద్దాయనా?” అన్నాడు మేనేజరు ఊపిరి బిగబట్టి.

“ఇక్కడికే రమ్మన్నారు బాబూ.”

మేనేజరుకు ప్రాణం లేచొచ్చింది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఆర్కిటెక్టు అమ్మాయి మంచినీళ్లు ఇచ్చి, పక్కనే కుర్చీ లాక్కుంది.

“మీదేం పని తాతగారూ?”

“కరెంటు పనమ్మా.”

“చాలా ఏళ్లు చేశారా?”

“నిక్కర్లు వేసుకునే రోజుల నుంచీ అదే.”

“మీతో చేసినవాళ్లు?”

“ఒక్కొక్కరే పోయారమ్మా. నేనే మిగిలాను.”

ఆఫీసరమ్మ జిప్పు తీసి పెన్ను బయటపెట్టింది. ఇక్కడ అడుగు పెట్టగానే మీకేమనిపించిందో మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పమంది ఆర్కిటెక్టు అమ్మాయి. పెద్దాయన చుట్టూ చూసి, మెడ తుడుచుకున్నాడు.

“ఉక్కగా ఉందమ్మా. గాలాడట్లేదు.”

ఆ అమ్మాయి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లయినా ఆయన ఒంటిని ఆనాటి మిల్లు ఉక్క వదల్లేదని ఆఫీసరమ్మ చెవిలో గుసగుసలాడింది. మర్నాటికి ప్లానులో భవనాలన్నీ తలో పక్కకూ జరిగి, మధ్యలో గాలికి ఓ వీధి వెలిసింది.

ఆ సాయంత్రం మాత్రం పెద్దాయన కాస్త నీళ్లు నమిలాడు. “అది కాదమ్మా, అసలు నేను వచ్చింది...”

“మీరు రావడమే మా అదృష్టం. బాధగా ఉంటే చెప్పకండి తాతగారూ” అంటూ ఆ అమ్మాయి ఆయన చెయ్యి నిమిరింది.

ఆ తర్వాత ఆయన లేనిదే మీటింగు లేదు. ఇంటికి కారు వెళ్లేది. మొదట్లో మొహమాటపడ్డాడు గానీ, రానురాను ఆయనకూ బాగానే ఉంది. ఇంట్లో ఆయన్ని ఏం కూర చెయ్యమంటావని అడిగినవాళ్లు లేరు. ఇక్కడ రోడ్డు ఎటు వెయ్యమంటారని అడుగుతున్నారు. ఎంతటి మనిషికైనా అభిప్రాయాలు పుట్టుకురావూ?

మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తాయన్నాడు. మెట్లున్న ప్రతిచోటా పక్కన ఓ వాలుదారి వచ్చింది. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుందామంటే ఎక్కడా నీడ దొరికి చావదన్నాడు. పార్కు పొడుగునా చెట్లు, వాటి కింద రాతిబల్లలు వచ్చాయి. పాత పొగగొట్టం ఉంచాలా కూల్చాలా అని ఇంజనీర్లు రెండు జట్లుగా చీలి, ఒకరి టీ ఒకరు తాగడం మానేస్తే, చివరికి ఆయన్నే అడిగారు.

“అదెవరికి అడ్డమొచ్చింది బాబూ?” అన్నాడు.

ఎవరికీ అడ్డం రాలేదని అప్పుడు తెలిసింది. పొగగొట్టం నిలబడింది.

ఫైలు కదిలింది. పేట లేచింది. గాలివీధి వైపు ఫ్లాట్లు ముందే అమ్ముడుపోయాయి. కింద మంగలిషాపు, మందులషాపు, చంటిపిల్లల బడి ఒక్క వరసలో వచ్చేశాయి. మేనేజరు కుర్చీ గట్టిపడింది. ఎండీ గారు బావమరిదిని పార్కింగు చూసుకోమన్నారు.

ప్రారంభోత్సవం రోజు పార్కులో వేదిక కట్టారు. కమిషనరు గారు వచ్చారు. పాత కార్మికుల మాట వింటే పేట ఎలా ఉంటుందో చూసి నేర్చుకోండని మిగతా బిల్డర్లకు చురకలు వేశారు. పార్కుకు పెద్దాయన పేరు పెడుతున్నట్టు ప్రకటించారు. పెద్దాయన చేతిలో పూలగుత్తి పెట్టారు. మైకు ముందుకు తోశారు.

“ఇందులో నాదేం లేదు బాబూ. మీరే పొరపాటున...” అంటూ ఆగిపోయాడు.

ఆ వినయానికి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మేనేజరుకు ఉత్సాహం ఆగలేదు. ముందు వరసలో పెద్దాయన భార్య కూర్చుని ఉంది. ఆవిడ ఇక్కడికి రావడం అదే మొదలు. వేదిక మీద నుంచి పెద్దాయన వద్దన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. అది కూడా వినయమే అనుకుని మేనేజరు మైకు తీసుకెళ్లి ఆవిడకు అందించాడు. ఆ మిల్లు రోజుల్లో ఆయనతో పాటు కష్టసుఖాలు పంచుకున్నది మీరే కదా, రెండు ముక్కలు చెప్పండమ్మా అన్నాడు.

ఆవిడ కొంగు సర్దుకుని లేచింది. మొగుణ్ణి ఒకసారి, కమిషనరు గారిని ఒకసారి చూసింది.

“మిల్లు సంగతి నాకేం తెలుసు బాబూ, ఈయన ఇందులో ఏనాడూ పనిచెయ్యలేదు, అప్పుడెప్పుడో ఆ హాల్లో ఫ్యాను తిరగట్లేదని కబురొస్తే బాగుచేసి గంటలో వచ్చేస్తానని వెళ్లారు.”