మిషనుకి సెలవు

"కలిసిపోయిందా!"

గుమ్మంలోంచి వినబడ్డ మాటకి కంగారుగా అరిచింది పెద్దకోడలు. లాండ్రీలో రంగులు కలిసిపోయాయంటే కొంప మునిగినట్టే.

పరిగెత్తి మిషను అద్దంలోంచి చూసింది. లోపల ఆసుపత్రి దుప్పట్లు తెల్లగా, బుద్ధిగా దొర్లుతున్నాయి.

"కలిసిపోలేదమ్మా, అలిసిపోయింది," మోత మీద గొంతు పెంచి అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ముసలాయన. "దీని ఇరుసు అలిసిపోయింది."

ఎన్నడూ చూసిన మొహం కాదు. మోకాళ్లదాకా దుమ్ము.

"నేనూ అలిసిపోయాను. నన్ను చూడ్డానికి ఒక్కడూ రాడే!"

"ఒక్కసారి ఆపితే వివరంగా చెప్తాను."

"ఆపితే సాయంత్రానికి దుప్పట్లు మీరిస్తారా? కొత్త మిషను అమ్ముకోడానికి వచ్చారని తెలుసులెండి. పాతదాన్ని తిట్టందే కొత్తది కదలదుగా!"

"అమ్మడానికి కాదు తల్లీ..."

"ఉతికిన బట్టల మీద దుమ్ము పడుతోంది, జరగండి."

ఆయన జరిగాడు. జరిగి జరిగి వీధిలోకే జరిగిపోయాడు.

రోజంతా మిషను పక్కన నిలబడేది చిన్నకోడలు. ఆవిడకి మనసొప్పలేదు.

"పాపం, నిజమే కదక్కా. నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఇది తిరుగుతూనే ఉంది. ఒక్కరోజు రెస్టిద్దాం."

"ఇద్దాం. కాళ్లు కూడా పిసుకుదాం."

అందే గానీ, ఆదివారం మిషను ఆపేసింది. చిన్నకోడలు దానికి నూనె వేసి, తుడిచి, పైన దుప్పటి కప్పింది.

ఆ రోజు బట్టలన్నీ చేత్తో ఉతికేసరికి పెద్దకోడలి నడుం పడిపోయింది.

"ఈ ఇంట్లో మిషనుకున్న యోగం మనిషికి లేదే," అంటూ గోడకి జారగిలబడింది.

సోమవారం మిషను హాయిగా తిరిగింది.

"చూశావా అక్కా, అలుపు తీరింది!"

పెద్దకోడలికీ అలాగే అనిపించింది. ఆ ధీమాతో రోజూ రెండు వాయిలు ఎక్కువే వేసింది.

గురువారం ఇరుసు ఫట్‌మని విరిగింది. డ్రమ్ము ఒరిగి, చిన్నకోడలి చేతిని గోడకేసి నొక్కేసింది.

కంపెనీ మెకానిక్ వచ్చేసరికి ఇంటిల్లిపాదీ మిషను చుట్టూ చేరారు. చిన్నకోడలు కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"రెస్టు కూడా ఇచ్చాం కదా బాబూ," అంది నీరసంగా.

"రెస్టా? దేనికి?"

"మిషనుకే. అలిసిపోయిందని ఎవరో పెద్దాయన చెప్పాడు."

మెకానిక్ నవ్వబోయి, ఆ కట్టు చూసి ఆగిపోయాడు.

"మనం అలిసిపోతే పడుకుని లేస్తాం. ఇనుము అలిసిందని మావాళ్లంటే దాని లెక్క వేరమ్మా. తిరిగీ తిరిగీ వెంట్రుకంత పగులు పడిందని అర్థం. పడుకోబెడితే అది పూడదు. మళ్లీ తిప్పితే పెరుగుతుంది. ఇరుసు మార్చాల్సిందే."

"ఆ ముక్క ఆయన చెప్పి ఏడవచ్చుగా!" అన్నాడు పెద్దకోడలి మొగుడు.

"నేనే చెప్పనివ్వలేదు," అంది పెద్దకోడలు, నేలచూపులు చూస్తూ.

మళ్లీ తనే తలెత్తి అడిగింది.

"ఇంతకీ ఆయన ఏ కంపెనీ మిషన్లు అమ్ముతాడు?"

"అమ్మడమ్మా," విరిగిన ఇరుసు చేతిలోకి తీసుకున్నాడు మెకానిక్. "మా కంపెనీలో దీని బొమ్మ గీసిన ఇంజనీరు ఆయనే. సన్నగా గీశాను, తప్పు నాదేనని ఒప్పుకున్నందుకు కంపెనీ ఇంటికి పంపేస్తే, అప్పట్నుంచీ అమ్ముడుపోయిన ప్రతి మిషను దగ్గరికీ నడిచెళ్లి చెప్పుకుంటున్నాడు."