వందేళ్ళ వరద

"ఇంకో ఇద్దరయ్యాక నీ పేరే పిలుస్తారు. ఇప్పుడెక్కడికమ్మా?" అన్నారు విభాగాధిపతి, తలుపుకి అడ్డంగా నిలబడి.

"లోతట్టు వీధికి సార్. వరదని వీధి ఖాళీ చేయిస్తుంటే, మా అత్తయ్య బస్సెక్కనని కూర్చున్నారట."

"మీ అత్తగారా?" ఆయన ఓ క్షణం ఆమె మొహంలోకి చూశారు. "మునిసిపాలిటీ వాళ్ళు చూసుకుంటారు కదా."

"పొద్దుట్నుంచీ బతిమాలుతున్నారు. పట్టిన పట్టు విడవడం లేదు."

ఆయన గొంతు తగ్గించారు. "ప్రొఫెసర్ పోస్టు ఇది. మళ్ళీ ఎప్పుడు పడుతుందో నాకే తెలియదు. ఒక్క గంట ఆగలేవా?"

ఆమె ఫోన్ తెర ఆయన ముందు పెట్టింది. ఏ వీధికి ఎప్పుడు నీరొస్తుందో చూపించే పటం అది, ఆమె చేతుల మీదుగా తయారైందే. మధ్యాహ్నం కాకముందే లోతట్టు వీధి ఎర్రబడిపోతోంది. ఆయన పక్కకు జరిగారు.

కారెక్కాక ఆమెకు నవ్వొచ్చింది. ఏడవలేక వచ్చిన నవ్వు. వరద హెచ్చరిక చెవిన పడ్డా జనం ఇల్లు వదిలి ఎందుకు కదలరు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ఆమె మునిగిన ఊళ్ళన్నీ తిరిగింది, బురదలో నిలబడి మనుషుల్ని అడిగింది, చదువుకునే వయసులో మొదలుపెట్టి జుట్టు నెరిసేదాకా వచ్చింది. చివరికి తేలిందేమిటయ్యా అంటే, అంకెలు చూసి ఎవరూ కదలరు. మనవాళ్ళనుకున్న మనిషి వచ్చి గుమ్మంలో నిలబడితే కదులుతారు. ఈ ముక్క ఇవాళ కమిటీ ముందు దర్జాగా చెప్పాల్సింది.

వీధి చివర కాలువ అప్పటికే రోడ్డెక్కడానికి చూస్తోంది. ఇంట్లో అత్తయ్య మాత్రం కుట్టు మిషన్ ముందు కూర్చుని ఎవరి చొక్కాకో తీరిగ్గా కాలరు వేస్తోంది. గుమ్మంలో మునిసిపాలిటీ మనిషి, తల ప్రాణం తోకకొచ్చినట్టు నిలబడి ఉన్నాడు.

"మీరేమవుతారండీ?" అని అడిగాడు.

"మా కోడలు. ప్రొఫెసరు," అంది అత్తయ్య, తల ఎత్తకుండానే. తర్వాత ఎత్తి చూసింది. "ఇంత ముస్తాబేమిటే? వరదకి ఎదురెళ్తున్నావా?"

"అత్తయ్యా, లేవండి. నీళ్ళొస్తున్నాయి."

"రావు. మొన్నామధ్య వచ్చినప్పుడు నువ్వే చెప్పావుగా, అది వందేళ్ళ వరద అని. వందేళ్ళకోసారంటే ఇక నా జన్మలో రాదు."

ఆమె నుదురు కొట్టుకుంది. చెప్పిన మాట నిజమే. "వందేళ్ళకోసారంటే, ఏటా వందలో ఒక వంతు అవకాశం అని అర్థం. నిన్న వచ్చినా రేపు రావచ్చు. పైగా వానల తీరే మారిపోయింది, ఆ లెక్కలు ఇప్పుడు పనికిరావు."

"మరి ఆ పేరెవరు పెట్టారు?"

"మా రంగం వాళ్ళే."

"తెలివైనవాళ్ళే," అంది అత్తయ్య.

ఆమె మాట మార్చింది.

"మీ అబ్బాయి ఫోన్ చేయలేదా?"

"చేశాడు. బస్సెక్కమన్నాడు. సరే అన్నాను."

"మరి ఎక్కలేదేం?"

"వాడికి సరే అన్నాను. బస్సుకి అనలేదుగా. ఆ బస్సులో మిషన్ పట్టదట. ఇది లేకుండా నేనెక్కడికీ రాను."

ఇదన్నమాట సంగతి. ఆమె చెప్పులు విడిచి, మంచి బట్టల మీదే వంగి మిషన్‌కి ఒక కొస పట్టుకుంది. మునిసిపాలిటీ మనిషి రెండో కొస పట్టాడు. మిషన్ కారు వెనక సీటెక్కింది. దాని వెనకే అత్తయ్య, తాళం వేసి, తాళాన్ని రెండుసార్లు లాగి చూసి, కదిలింది.

సాయంత్రానికి పక్కింటావిడ ఫొటో పంపింది. లోతట్టు వీధిలో నీళ్ళు కిటికీల దాకా ఉన్నాయి. మూడో అంతస్తులోని కోడలి ఫ్లాట్‌లో అత్తయ్య ఆ ఫొటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇంతకీ ఆ ముస్తాబు ఎందుకో చెప్పలేదు," అంది చివరికి.

"ఇంటర్వ్యూ ఉండింది. కమిటీ వెళ్ళిపోయింది."

"అయ్యో, ఆ ముక్క అక్కడే చెప్పి ఉంటే బస్సెక్కేదాన్ని కదే!"

"ఎక్కేవారు కాదు. ఆ కమిటీ వాళ్ళని నాలుగు దులపడానికి నాతో వచ్చేవారు."

అత్తయ్య నవ్వబోయి, నవ్వలేక, ఆమె చెయ్యి పట్టుకుంది. పోస్టు పోయిన బాధ బాధే. లోలోపల అది సలుపుతూనే ఉంది. కానీ సూదిపోట్లతో గరుకెక్కిన ఆ వేళ్ళు వెచ్చగా తగిలేసరికి, ఈ పాటికి అవి ఆ నీళ్ళలో ఉండేవన్న ఊహకే ఆమె వాటిని ఇంకా గట్టిగా పట్టుకుంది. అంత పెద్ద మనిషీ పసిపిల్లలా అత్తయ్య భుజం మీద తల వాల్చేసింది.

అత్తయ్య సోఫాలోనే కునుకు తీస్తుండగా ఫోన్ మోగింది. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. తెర మీద పేరు చూసి, ఆమె గదిలోంచి బయటికొచ్చి ఎత్తింది.

"అమ్మ ఫోన్ కలవడం లేదు," అన్నాడతను కంగారుగా. "టీవీలో మన వీధి చూపిస్తున్నారు..."

"ఫోన్ ఇంట్లోనే మర్చిపోయారు. నా దగ్గరే ఉన్నారు. భోంచేసి పడుకున్నారు."



"నువ్వు వెళ్ళావా?" అన్నాడు. "నీకెలా చెప్పాలో..."

"ఏం చెప్పక్కర్లేదు. అత్తయ్యకి ఏమీ కాలేదు. నిశ్చింతగా ఉండండి," అంది. ఫోన్ పెట్టేయబోతూ మళ్ళీ అంది:

"అక్కడ మీ ఆవిడ కూడా కంగారుపడుతూ ఉంటుంది, చెప్పండి."