కప్పు మీద చెయ్యి

బుధవారం మూడో పీరియడ్‌లో మా ఒంగోలు బడి తరగతి గది కాబూల్ ఇల్లవుతుంది. దిండ్లకు ఆనుకున్న పిల్లలకు హోలోగ్రామ్ జర్మీనా బామ్మ వెలుగు కప్పుల్లో యాలకుల టీ పోస్తుంది. అక్కడి మర్యాద ప్రకారం, అతిథుల్లో ఒక్కరైనా కప్పు మీద చెయ్యి పెట్టేదాకా ఆపదు. పాఠమూ అప్పుడే ముగుస్తుంది.

తర్వాతిది లెక్కల పరీక్ష. పదో తరగతిలో ఒక్క చెయ్యీ కప్పు మీదికి రాలేదు. పాఠం చెప్పే నాదీ రాలేదు.

పేపర్లతో లెక్కల మాస్టారు గుమ్మంలో నిలబడ్డాడు. పోయిన నెలే నన్ను పెళ్లాడిన శశాంక్.

"మేడం, ఇక ఆపించండి!"

"బామ్మా, మా మేడం పెళ్లికొడుకు ఈయనే!" అంది పిల్లల్లోంచి భార్గవి.

"అయితే కూర్చో నాయనా," అని బామ్మ నా పక్కనే చోటు చూపించి, కప్పు అందించింది.

శశాంక్ తాగినట్టు నటించి చెయ్యెత్తాడు. పిల్లలు ఊపిరి బిగబట్టారు. ఆ చెయ్యి కప్పు దాటి వచ్చి, దిండు చాటున నా వేళ్లు పట్టుకుంది.

బామ్మ మళ్లీ పోసింది.